రొట్టె డబ్బాలో దవడ

మూడో బకెట్టు బల్ల మీద కుమ్మరించి నోలీన్ బొటనవేలితో రాళ్ళు తడమసాగింది. కళ్ళ సంగతి తరవాత. నలభై ఏళ్ళకు పైగా ఓపల్ రంగురాళ్ళ గనుల మట్టి ఏరుతున్న మనిషికి కళ్ళకన్నా వేలి మీదే నమ్మకం. రాయి అయితే వేలు జారిపోతుంది, ఎముక అయితే ఎక్కడో ఒకచోట పట్టుకుంటుంది.

ఉదయం ఏడు కాలేదు. అప్పుడే నెత్తిన రేకు వేడెక్కి టిక్కు టిక్కుమంటోంది. వెనకాల కుంట గట్టు మీద గని యజమాని మిర్కో డ్రమ్ము డబడబా తిరుగుతోంది. ఒకప్పుడు కాంక్రీటు లారీ మీద తిరిగిన డ్రమ్ము అది. లారీ ఎప్పుడో తుక్కయిపోయింది, డ్రమ్ముకి మాత్రం చావు లేదు. గనిలోంచి తెచ్చిన మట్టి అందులో పోసి, కుంట నీళ్ళు తోడి, రెండు రోజులు తిప్పితే బంకమన్నంతా కరిగిపోతుంది. కరగనిది అడుగున మిగులుతుంది. దాన్ని ఏరడం నోలీన్ పని. రంగున్న ఓపల్ డబ్బాలోకి, మిగతాదంతా కింద నేల మీదికి.

ఎముకలకి వేరే డబ్బా లేదు. పది కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ తిరిగి చచ్చిన జంతువుల ఎముకలు ఈ నేలలో ఓపల్‌గా మారాయి. నూటికి తొంభైతొమ్మిది రంగులేని బూడిద ముద్దలే. రంగు లేనిదాన్ని ఎవడూ కొనడు, కొననిదాన్ని డ్రమ్ము ఎంత పిండి చేసినా అడిగే దిక్కుండదు.

"తిరుగు, తిరుగు," అంది నోలీన్ వెనక్కి చూడకుండానే. "నీ కడుపు కాలా, ఇంకెన్నిటిని నములుతావే?"

ఆమె మాట తీరే అంత. డ్రమ్ముని తిడుతుంది, ఈగల్ని తిడుతుంది, నీళ్ళు కాగడం లేదని కెటిల్ని తిడుతుంది. పక్క డ్రమ్ము దగ్గర పనిచేసే మెర్వ్ అనే ముసలాయనకి పొద్దున్నే ఆ తిట్లు వినపడితేనే టీ దిగుతుంది. ఊళ్ళో అందరూ ఆమెని బొమికల నోలీన్ అంటారు, అదీ ముఖం మీదే.

అరవై ఏడేళ్ళు. ఎండి ముడతలు పడిన మెడ, మోచేతుల దాకా మచ్చలు. ముక్కు కొసన చిన్న ముక్క లేదు. ఎండకి లేచిన పుండు ముదిరితే డాక్టరు కోసేశాడు. ఎడమ చిటికెన వేలు గిలక తాడులో పడి విరిగి, వంకరగానే అతుక్కుంది. తొడుక్కునేది పోయిన మొగుడు కీత్ చొక్కా, పెట్టుకునేది అతని టోపీ. బూట్లు మాత్రం ఆమెవే. చొక్కా జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్రల సీసా ఉంది. ఎండలో పని చెయ్యొద్దని కిందటి నెల ఊళ్ళో నర్సు గట్టిగా చెప్పింది. "అయితే ఎండని మానెయ్యమను," అనేసి వచ్చేసింది నోలీన్.

ఈ గనుల్లో నడుముకి కటింగ్ ప్లయర్ వేలాడని మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకి రాయి చేతిలో పడితే ముందు దాని మూల టక్కున కత్తిరించాలి. తరవాత నాలుకతో తడిపి ఎండకేసి చూడాలి. లోపల రంగుంటే జేబులోకి, లేకపోతే దిబ్బ మీదికి. పిల్లలకి నడక ఎంత సహజమో ఇక్కడివాళ్ళకి కత్తిరించడం అంత సహజం. ఇది తప్పని వాళ్ళతో ఎవరూ అనలేదు. నోలీన్ అంటుంది, నవ్వి ఊరుకుంటారు.

బొటనవేలు ఆగింది.

రెండంగుళాల ముక్క. ఒక అంచున వరసగా మూడు గుంటలు, నాలుగోదాంట్లో పన్ను. చిన్న పన్ను, ఆకు ఆకారంలో, అంచుకి రంపపు గాట్లు. నోలీన్ తిట్టడం ఆపేసింది. బల్ల మీది రాళ్ళన్నీ రెండు చేతులతో పక్కకి నెట్టి మళ్ళీ తడిమింది. ఇంకో ముక్క. ఇంకోటి. ఈ రెండూ బూడిద రంగువి, పళ్ళు లేనివి. మొదటి ముక్క పక్కన ఒకదాన్ని ఆనించి చూసింది. తాళంలో తాళంచెవి పడినట్టు సరిపోయింది.

"ఏమే నోలీన్, బతికే ఉన్నావా?" అని అవతల నుంచి మెర్వ్ అరిచాడు. "తిట్లు వినపడ్డం లేదు!"

"నోరు ముయ్యి!"

"హమ్మయ్య," అన్నాడు మెర్వ్. అతని మూడు కాళ్ళ కుక్క డచెస్ లేచి, మళ్ళీ పడుకుంది.

నోలీన్ ముక్కల అంచులు వెలుగులో పెట్టి చూసింది. విరిగిన చోటు తెల్లగా, పిండి రాలుతూ ఉంది. పాత విరుపయితే మట్టి పట్టి నల్లబడుతుంది. ఇది మొన్న విరిగింది. మిర్కో మూడు రోజుల కిందట ఒకే గోడ నుంచి మట్టి తవ్వి రెండుసార్లుగా తెచ్చాడు. మొదటి లోడులో మిగిలింది ఇప్పుడు బల్ల మీద ఉంది. రెండోది చిన్నది, ఒక ట్రాలీ మట్టి, ఒక్క పూటలో కరిగిపోయేది. దాన్ని ఇందాక తెల్లవారుతుండగా డ్రమ్ములో పోశాడు. దవడలో మిగతా భాగమంతా అందులోనే ఉండి ఉంటుంది. బంకమన్ను ఇంకా గట్టిగానే ఉంటుంది కాబట్టి, ఇప్పుడు ఆపితే ఎముక బతుకుతుంది. మధ్యాహ్నానికి మన్ను కరిగి, రాయి రాయినీ కొట్టుకోవడం మొదలయ్యాక మిగిలేది నూకలే.

అప్పుడే మిర్కో పికప్ బండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, ఎద్దులాంటి భుజాలు, ఎప్పుడూ నవ్వుమొహం. సముద్రం అవతల ఎక్కడో వాళ్ళ దేశంలో పెద్ద ఆడవాళ్ళని పేరు పెట్టి పిలవరట. పాతికేళ్ళుగా ఆమెని పిన్నీ అనే పిలుస్తున్నాడు.

"ఏంటి పిన్నీ, పొద్దున్నే మొహం అలా ఉంది?"

"డ్రమ్ము ఆపు."

"టీ అన్నా తాగావా?"

"ముందు డ్రమ్ము ఆపమంటున్నా, మిర్కో. ఇదిగో, దవడ. మిగతాది లోపల తిరుగుతోంది. అది నలిగిపోయిందో, నీతో మాట్లాడను."

"అదే జరిగితే ఊరంతా నాకు పార్టీ ఇస్తుంది," అని నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. "పిన్నీ, సాయంత్రం ఆరింటితో కుంట దగ్గర నా వంతు అయిపోతుంది. రేపు పొద్దున్న వేరేవాళ్ళు మట్టి దింపుతారు. ఇప్పుడు ఆపితే ఆ లోడు ఎప్పుడు కడుక్కోను, వచ్చే నెలా?"

"నేను చేత్తో కడుగుతా."

"ఈ ఎండలోనా? ఆ నర్సు నన్ను చంపేస్తుంది."

మాట్లాడుతూనే బల్ల మీద చెయ్యి పెట్టాడు. పన్నున్న ముక్క తీశాడు. నోలీన్ "ఒద్దు" అనేలోపే నడుము దగ్గరి ప్లయర్ చేతిలోకి వచ్చింది. టక్. అతనేం కావాలని చెయ్యలేదు. కన్ను ఆర్పినంత మామూలుగా చేశాడు.

"పన్ను మీద వేశావు కదరా!" నోలీన్ లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడింది. "కళ్ళు లేవూ నీకు? మొత్తం ముక్కలో పన్ను ఒక్కటే ఉంటే సరిగ్గా దాని మీదే వేశావు!"

మిర్కోకి ఆ మాటలు వినపడలేదు. ముక్కని నాకి ఎండకేసి పట్టుకున్నాడు. విరిగిన చోట ఆకుపచ్చ రంగు వెలిగింది, తిప్పితే లోపలి నుంచి ఎర్రటి మెరుపు వచ్చి పోయింది. రెండేళ్ళయింది అతను రంగు చూసి. డీజిలు అప్పుగా తెచ్చుకుంటున్నాడు, పెళ్ళాం ఊళ్ళో క్లబ్బులో గిన్నెలు కడుగుతోంది.

"రంగు, పిన్నీ! చూడు, చూడు! హాంకాంగ్ నుంచి రాళ్ళు కొనడానికి వచ్చినాయన ఇవాళ ఒక్కరోజే ఊళ్ళో ఉంటాడు. సాయంత్రం విమానానికి వెళ్ళిపోతాడు."

"అది రాయి కాదు. అది ఒక నోరు."

"పది కోట్ల ఏళ్ళ కిందటి నోటికి ఇప్పుడేం ఆకలి? ఆకలి నాకుంది."

గని అతనిది, మట్టి అతనిది, డ్రమ్ము అతనిది. అరికాలి మంట నెత్తికెక్కింది గానీ ముక్క లాక్కోవడానికి ఆమెకి హక్కు లేదు. గొంతు తగ్గించింది.

"సరే, చూపించు. కానీ కొయ్యకు. సానకి పెట్టకు. మ్యూజియం హ్యారియెట్‌కి ఫోన్ చేసి చెప్పు, దవడ దొరికిందని. వాళ్ళూ ఏదో ఒకటి ఇస్తారు. కొయ్యనని ఒట్టెయ్యి."

"మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ పోయి పదేళ్ళయింది."

"పోయినావిడ మీద ఒట్టేస్తే ఇంకా గట్టిది పిన్నీ," అని ముక్కని చొక్కా జేబులో వేసుకుని బండెక్కాడు.

"డ్రమ్ము సంగతి?" అని అరిచింది.

అతను చెయ్యి ఊపాడు. ఆ ఊపుకి సరే అని అర్థమో, కాదని అర్థమో దేవుడికే తెలియాలి. బండి దుమ్ములో కలిసిపోయింది.

నోలీన్ ఆ దుమ్ముకేసి చూస్తూ నిలబడింది. ఆ రోడ్డంటే ఆమెకి ఒళ్ళు మంట. ఊరికి వెళ్ళే దారి అదొక్కటే కాబట్టి తప్పక వెళ్తుంది గానీ, ఆ మూడో మలుపు దగ్గర ప్రతిసారీ బండి నెమ్మదిగా నడిపి, కిందికి చూసి, తిట్టుకుని ముందుకి పోతుంది.

గొర్రెల బొచ్చు కత్తిరించే శిబిరాల్లో వంటచేసే తల్లికి పుట్టింది నోలీన్. పద్నాలుగో ఏట బడి మానేసి, తనూ ఆ శిబిరాల్లోనే ఇరవైమందికి రొట్టెలు కాల్చింది. ఇరవై మూడేళ్ళప్పుడు కీత్ వెంట ఈ గనులకి వచ్చింది. తెచ్చుకున్నది రెండు దుప్పట్లు, ఒక రొట్టె డబ్బా. రెండు చక్రాల మీద నిలబెట్టిన రేకుల కారవాన్‌లోనే కాపురం పెట్టారు. వచ్చిన నాలుగో ఏడు, నేలకింద నలభై అడుగుల లోతున, గోడలో వరసగా పదిహేడు రాళ్ళు దొరికాయి. ఒక్కోటీ దారపు ఉండంత. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా, పూసలు గుచ్చినట్టు. కీత్ సంతోషం పట్టలేక గనిలోనే పాట ఎత్తుకున్నాడు. ఇద్దరూ దీపం ముందు కూర్చుని ఒక్కోటీ కత్తిరించారు. అతను ఎనిమిది, ఆమె తొమ్మిది. బూడిద. బూడిద. బూడిద. ఒక్కదాంట్లోనూ రంగు లేదు. పదిహేడూ బకెట్లో వేసి పైకి పంపి దిబ్బ మీద పారబోశారు.

ఆ తరవాత పదకొండేళ్ళకి, అప్పటికి కీత్ పోయాడు, హ్యారియెట్ అనే అమ్మాయి మ్యూజియం నుంచి వచ్చింది. ఎముకలు కనిపిస్తే పారేయకండి, కంగారూ అంత డైనోసార్లు ఇక్కడ తిరిగేవి, ఇంకా పేరు పెట్టనివి ఎన్నో ఉన్నాయి అని క్లబ్బులో అందరికీ బొమ్మలు చూపించింది. నాలుగో బొమ్మ తోక వెన్నుపూసలది. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా. నోలీన్ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, జల్లెడ తీసుకుని, అటునుంచి అటే పాత దిబ్బ దగ్గరికి పోయింది. దిబ్బ లేదు. అక్కడంతా చదునుగా ఉంది. కిందటి ఏడు ఊరికి రోడ్డు వేస్తూ, పారేసిన దిబ్బలే కదా అని లారీలతో ఎత్తుకుపోయారు. మూడో మలుపు దగ్గర పోసి రోలరుతో తొక్కించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

ఆ రాత్రే ప్లయర్ తీసి పెట్టెలో పడేసింది. తరవాత ఇన్నేళ్ళలో బల్ల మీద కనబడిన ప్రతి ఎముకనీ ఏరి, ఎవరి గనిలో దొరికిందో చీటీ రాసి, హ్యారియెట్‌కి ఇస్తూ వచ్చింది. ఒకసారి హ్యారియెట్ బస్సు టిక్కెట్టు పంపితే సిడ్నీ వెళ్ళింది. జీవితంలో అదొక్కసారే. అద్దం వెనకాల డైనోసారు నిలబెట్టి ఉంది. కొత్తది, అంతకుముందు ఎవరికీ తెలియనిదట. అసలు ఎముకలు ఆరో ఏడో, మిగతాదంతా బూడిదరంగు ప్లాస్టరు. తోకయితే మొదటి నుంచి చివరిదాకా ప్లాస్టరే. జనం దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. "ఆ తోక ఉండేది," అంది నోలీన్ పక్కనున్న కాపలా మనిషితో. "పదిహేడు. నేనే కత్తిరించా." అతను మర్యాదగా నవ్వి అవతలికి వెళ్ళిపోయాడు. ఎవరి మీద అరవాలో తెలియక, ఆమె సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేసింది.

డబడబా మోత ఆమె చెవుల్లో పడింది. గట్టెక్కి ఇంజను తీగ పీకేసింది.

కుంట మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. నీళ్ళ అంచున గులాబీ రొమ్ముల గలా చిలకలు తలెత్తి చూశాయి.

"వాడొచ్చి నీ తల తీస్తాడు," అన్నాడు మెర్వ్, నడుం పట్టుకుని నెమ్మదిగా వస్తూ.

"తియ్యనీ. దాన్నీ నాకి చూస్తాడు, రంగుందేమోనని. నీ నడుం పనిచేస్తుందా, లేదా?"

"సగం."

"సగం చాలు. ఆ నీళ్ళ పైపు పట్టుకో."

డ్రమ్ముని చేత్తో తిప్పే చక్రం పట్టుకుని వెనక్కి తిప్పింది. డ్రమ్ము నోట్లోంచి బూడిదరంగు ముద్దలు ఇనప జల్లెడ మీదికి కొంచెం కొంచెంగా జారాయి. ఒక్కో ముద్దనీ గంపలోకి ఎత్తి, నీళ్ళు పట్టించి, పిండి పిసికినట్టు పిసకడం. బిడ్డకి నీళ్ళు పోసినట్టు నెమ్మదిగా పొయ్యమని మెర్వ్‌కి పదిసార్లు చెప్పింది. అతను పిల్లల్లేనివాడు, నాకేం తెలుసన్నాడు. ఇద్దరూ కాసేపు నవ్వారు. తొమ్మిదికి ఒక ముక్క దొరికింది, పదింటికి రెండు. ప్రతి ముక్కనీ తడి గోనె మీద పెట్టి, మళ్ళీ మట్టి మీదికి వంగేది. నవ్వు అయిపోయాక తిట్లు మొదలయ్యాయి. మట్టిని తిట్టింది. మిర్కోని, హాంకాంగ్ ఆయన్ని, రోడ్డు వేసినవాళ్ళని, ప్లాస్టరు పోసినవాళ్ళని తిట్టింది. కీత్‌ని తిట్టింది. చివరికి తన కుడిచేతిని ఎదురుగా పెట్టుకుని, "తొమ్మిది. నువ్వు తొమ్మిది కత్తిరించావు," అంది. మెర్వ్ పైపు తిప్పి తరవాతి ముద్ద మీద నీళ్ళు పోశాడు.

పన్నెండింటికి ఎండ నలభై మూడు డిగ్రీలు దాటింది. మెర్వ్ ఇంక నిలబడలేక నీడకి పోతూ, "నువ్వూ రావే, ముక్కలు ఎక్కడికీ పోవు," అన్నాడు.

"ఆ మాటే అన్నాడు కీత్ కూడా."

ఒంటిగంటకి మెర్వ్ తెచ్చిన మాంసం కూరిన రొట్టె సగం తిని, మిగిలింది డచెస్‌కి వేసింది. ఎడమ చెయ్యి భుజం నుంచి లాగుతోంది. బకెట్లు మోసినందుకు అనుకుంది. జల్లెడ మీద ఇంకా నాలుగోవంతు మట్టి ఉంది.

రెండున్నరకి అది కూడా అయిపోయింది. గోనె మీద ఎనిమిది ముక్కలు, బల్ల మీది రెండూ కలిపి పది. కారవాన్‌లోకి వెళ్ళి రొట్టె డబ్బా తెచ్చింది. శిబిరాల్లో ఇరవైమందికి కాల్చిన పొడుగాటి రేకు డబ్బా, నల్లగా మాడి, అంచులు వంగి ఉంది. దాన్ని కుంట అంచు ఇసుకతో నింపి, నీళ్ళు చల్లి, చదును చేసింది. అప్పుడు కూర్చుని ఒక్కో ముక్కనీ నిలబెట్టింది. మొదట వెనక కీలు, దాని ముందు మందపాటి ఎముక, తరవాత పళ్ళ గుంటల వరస. తెల్లటి విరుపు తెల్లటి విరుపుకి అతుక్కుంటుంటే నోటితో చిన్న శబ్దం చేసింది, ముద్ద బాగా కుదిరినప్పుడు వంటమనిషి చేసే శబ్దం. వెనక అయిదు ముక్కలు కలిశాయి. ముందు, ముక్కు వైపు, అయిదు కలిశాయి. మొత్తం దవడ ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా వచ్చింది. ఇంత పెద్ద దవడ ఈ గనుల్లో ఆమె ఎన్నడూ చూడలేదు. నడిమధ్యలో మాత్రం రెండు వేళ్ళ వెడల్పున ఖాళీ మిగిలింది.

అది మిర్కో జేబులో ఉన్న ముక్క. వేలితో ఆ ఖాళీలో ఇసుక నొక్కి, చోటు సరిచేసింది. పన్ను విరిగినా పరవాలేదు. గుంటలు ఉన్నాయి, అంచులు ఉన్నాయి, రెండు వైపులా సరిపోతుంది. హ్యారియెట్ వచ్చి ప్లాస్టరు పొయ్యాల్సిన పని లేదు.

"మెర్వ్! ఇటొచ్చి చూడు!"

మెర్వ్ వచ్చి, టోపీ తీసి, వంగి చూశాడు. "ఇంత నోరేసుకుని ఇదేం తినేదే?"

"ఆకులు. నీలాంటివాళ్ళని ముట్టుకునేది కాదు."

"మిర్కో కొయ్యడంటావా?"

"ఒట్టేశాడు," అంది నోలీన్. "కొస్తే వాణ్ణే డ్రమ్ములో వేసి తిప్పుతా."

మెర్వ్ నవ్వుకుంటూ తన నీడకి తిరిగి వెళ్ళాడు. నోలీన్ కుర్చీ డబ్బా పక్కకి జరుపుకుని, రోడ్డు కనిపించేలా కూర్చుంది. ఛాతీ మీద ఎవరో బస్తా దింపినట్టుగా ఉంది. మాత్ర వేసుకోవాలి. చేతులు చూసుకుంది, మోచేతుల దాకా బంకమన్ను. మిర్కో బండి వచ్చాక కడుక్కోవచ్చులే అనుకుంది. ఇసుక ఆరుతోందనిపించి, పక్కనున్న మగ్గుతో నాలుగు చుక్కలు డబ్బాలో చల్లింది. ఒక ఈగ దవడ మీద వాలింది. "పో," అంది. అది పోలేదు. ఇంకోసారి అనలేదు.

నాలుగున్నరకి మెర్వ్ టీ పెట్టుకున్నాడు. రెండు గుటకలు వేశాక అతనికి ఏదో వెలితిగా తోచింది. కుంట మీద డ్రమ్ము మోత లేదు. సరే, అది పొద్దున్నే ఆగింది. అయినా ఇంకేదో మోత తగ్గింది.

"ఏమే నోలీన్, బతికే ఉన్నావా?" అని కేకేశాడు. "తిట్లు వినపడ్డం లేదు!"

డచెస్ ముందు లేచింది. మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వెళ్ళి, కుర్చీ పక్కన కూర్చుని, అక్కడి నుంచి అతనికేసి చూసింది.

ఊరి నుంచి అంబులెన్సు వచ్చేసరికి అయిదున్నరయింది. ఆ రోడ్డు మీంచే వచ్చింది, ఆ రోడ్డు మీంచే తీసుకుపోయింది. నర్సు ఆమె జేబులోంచి మాత్రల సీసా తీసి, మూత కూడా తియ్యలేదని చూసి, పళ్ళు కొరుక్కుంది. "ఎండలో పనిచెయ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను," అని మెర్వ్ మీద అరిచింది. ఆ తిట్లు పడాల్సిన మనిషి అక్కడ లేడు.

ఆ మనిషి ఆరింటికి వచ్చాడు. అంబులెన్సు అతనికి దారిలోనే ఎదురైంది, ఎవరికోసమో అతనికి తెలియదు. బండి దిగి, ఆగిపోయిన డ్రమ్మునీ, ఖాళీ జల్లెడనీ, ఖాళీ కుర్చీనీ చూశాడు. "ఎక్కడికెళ్ళింది ముసల్ది? ఇంజను పీకేసి?" అన్నాడు.

నోలీన్ పోయిందని మెర్వ్ చెప్పాడు.

మిర్కో బల్ల అంచు పట్టుకున్నాడు. మొదట వచ్చిన మాట ఆమె గురించి కాదు. "వాడు కొనలేదు," అన్నాడు. "సానబడితే రంగు ఇంకా బాగా లేస్తుందన్నాడు. నేనేం చేసేది? గంటలో పట్టించి తెచ్చా. తీరా చూసి, లోపల గీతలున్నాయి, ఎముక గీతలు, ఉంగరానికి పనికిరాదు అని వెళ్ళిపోయాడు."

"ఒట్టేశావట," అన్నాడు మెర్వ్.

"రెండేళ్ళు, మెర్వ్. రెండేళ్ళు రంగు చూడలేదు నేను."

"నిన్నేం అడగలేదు. ఒట్టేశావట, అన్నా. అంతే."

మెర్వ్ జీవితంలో ఎవరి మీదా గొంతెత్తని మనిషి. అప్పుడు కూడా ఎత్తలేదు. రొట్టె డబ్బా వైపు వేలు చూపించి, పైపు చుట్ట చుట్టుకుని, కుక్కని పిలుచుకుని తన చోటికి వెళ్ళిపోయాడు.

మిర్కో డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబులోంచి రాయి తీశాడు. కోడిగుడ్డు సగానికి కోసినట్టు నున్నగా, గుండ్రంగా, చిక్కుడు గింజంత ఉంది. పళ్ళ గుంటలు లేవు, అంచులు లేవు. మిగతాదంతా పొడై సాన కింది నీళ్ళలో పోయింది. దాన్ని ఖాళీలో పెట్టాడు. ఎడమ పక్కకి జరిపాడు, కుడి పక్క తెరుచుకుంది. కుడికి జరిపాడు, ఎడమ పక్క తెరుచుకుంది. తిరగేసి పెట్టాడు. పక్కకి తిప్పి పెట్టాడు. "పిన్నీ," అన్నాడు ఒకసారి, ఎక్కడ పెట్టాలో అడుగుతున్నట్టు. కాసేపటికి చెయ్యి తీసేసి, లేచి, బండి నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

నీళ్ళు చల్లేవాళ్ళు లేక డబ్బాలో ఇసుక ఆరింది. అటు అయిదు, ఇటు అయిదు, బూడిదరంగు ముక్కలు ఒక్కోటీ విడిపోయి ఒరిగిపోతున్నాయి. నడుమ ఆ సానబట్టిన రాయి మాత్రం ఏ పక్కకీ అతకకుండా, చివరి ఎండలో పచ్చగా మెరుస్తూ ఉంది.